ఎర్ర సిరాతో రాసిందే టైపు చెయ్యి

నరసరావుపేట,
12 ఆగస్టు 2024.

మాచర్లలో పాండురంగారావు బాబాయికి, నీ అన్న కూతురు వనజ నమస్కారం చేసి రాస్తున్న ఉత్తరం.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ అందరం బాగున్నాం, నా కంప్యూటర్ తప్ప. పోయిన నెల కరెంటు ఒక్కసారిగా ఎక్కువై అది కాలిపోయింది. దాంతోపాటు పదేళ్ళుగా దాచుకున్న ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ పోయాయి. కుట్టు మిషను మాత్రం బతికింది. కానీ దానికి సొంత బుర్ర లేదని నీకు తెలుసు కదా. కంప్యూటర్‌లో బొమ్మని కుట్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తేనే అది కుడుతుంది.

ఒక కాలేజీవాళ్ళు పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే మీ అల్లుడు ఒకటి తెచ్చాడు. బిగించడానికి వచ్చిన కుర్రాడు, "ఇందులో లైనక్స్ ఉందమ్మా, వైరస్ రాదు, చానా మంచిది" అని చెప్పి చక్కా పోయాడు. మంచిదే కావచ్చు. నాకు మాత్రం కొత్త కోడలు వంటింట్లోకి వచ్చినట్టుంది, ఏ డబ్బాలో ఏముందో తెలియదు. డబ్బు కట్టక్కర్లేని 'అల్లిక' అనే డిజైన్ ప్రోగ్రాం ఉందంటే ఫోన్ నెట్టుతో దించుకున్నాను. దాని పేరు చివర tar.gz అని ఉంది. రెండుసార్లు నొక్కితే ఏవేవో పేర్ల పట్టీ వస్తోంది తప్ప ప్రోగ్రాం రావడం లేదు.

తొందరెందుకో చెప్తాను. బరంపేటలో మా వెనక వీధి సుల్తానా కూతురు ఫరా నిఖా సెప్టెంబరు 22న. పెళ్ళికూతురి దుపట్టా అంచుకి సుల్తానా వాళ్ళమ్మ చేత్తో కుట్టిన దిండు గలీబు మీది తీగే కావాలట. ఆ పెద్దావిడ పోయి ఆరేళ్ళయింది. రెడీమేడ్ తీగలు ఇరవై చూపించాను. సుల్తానా ఒక్కటీ చూడలేదు. గలీబు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఈ ఆకు చూడు వనజా, ఇదొక్కటే ఎనక్కి తిరిగుంటది. మా అమ్మ ఇది కుడతా ఉండంగ నొప్పులొచ్చినయ్యంట. నేను పుట్టా. ఆ ఆకు అట్టాగే రావాల" అంది. రెడీమేడ్‌లో అలాంటి ఆకు ఎక్కడ దొరుకుతుంది?

గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచీ నువ్వు ఫోన్ ఎత్తవు. మొన్న వాట్సాప్‌లో అడిగితే నువ్వు పంపిన అక్షరాల్ని నీ ఫోనే దిద్దేసి పెద్దవీ చిన్నవీ చేసినట్టుంది, ఒక్కటీ పనిచెయ్యలేదు. అందుకని కాగితం మీద రాసి పంపు. గోడకి అంటించుకుని చూసుకుంటూ చేస్తాను. ఐటీఐలో నీ పాఠం వినాలంటే క్లాసులో ఉండక్కర్లేదు, రోడ్డు మీద నిలబడ్డా చాలనేవాళ్ళు. ఈసారి పోస్టులో చెప్పు.

నీ
వనజ


మాచర్ల,
16 ఆగస్టు 2024.

చిరంజీవి వనజకి, ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పిన్ని మూడోసారి పైకి చదివించుకుంది, అంటే తనే చదివింది, నేను విన్నాను. ఆమె మోకాళ్ళు వాన వచ్చే ముందు రోజు చెప్పేస్తున్నాయి. ఇప్పుడు వీధిలోవాళ్ళంతా మిరప నారు పొయ్యాలా వద్దా అని ఆమెనే అడుగుతున్నారు.

ముందు ఆ పేరు సంగతి. మీ ఊళ్ళో జిన్నింగ్ మిల్లుల్లో పత్తిని ఏం చేస్తారు? విడివిడిగా ఉన్నదాన్ని ఒకచోట చేర్చి, ప్రెస్సులో అదిమి బేలు కడతారు. అదే ఇది. tar అంటే వంద ఫైళ్ళని కలిపి ఒక్క మూట కట్టడం. gz అంటే ఆ మూటని అదమడం. నువ్వు రెండుసార్లు నొక్కినప్పుడు కనపడిన పట్టీ లోపలి సరుకు జాబితా. బేలు మీద కూర్చుని బట్ట నెయ్యలేం కదా. ముందు విప్పాలి.

టెర్మినల్ అనే నల్ల తెర తెరువు. భయపడకు. అది నువ్వు అడిగిందే చేస్తుంది, అడగనిది చెయ్యదు. ఇంట్లో అలాంటి మనిషి ఒకరుంటే బాగుండని మీ పిన్ని నా వైపు చూస్తూ అంటోంది. పని హోమ్‌లో నుంచి మొదలుపెట్టాలి. తరవాత ఇవి ఒక్కొక్కటీ టైపు చేసి ఎంటర్ నొక్కు.

cd Downloads
ls
tar -xzf allika-2.1.tar.gz.

మొదటిది ఆ గదిలోకి వెళ్ళడం. రెండోది అక్కడ ఏముందో చూడడం. మూడోదాంట్లో x అంటే విప్పు, z అంటే అదిమినదాన్ని వదులు చెయ్యి, f అంటే ఫలానా ఫైలు అని. D పెద్దక్షరమే. దానికి పెద్దాచిన్నా పట్టింపు ఎక్కువ.

ఏం జరిగిందో రాయి. తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి. "ఏదో వచ్చింది" అని రాసేవాళ్ళకి నేను ముప్పై ఒక్క ఏళ్ళు సున్నాలు వేశాను.

ఆశీర్వదిస్తూ,
పాండురంగారావు


నరసరావుపేట,
20 ఆగస్టు 2024.

బాబాయికి, సున్నా పడుతుందేమోనని భయంతో వనజ రాయునది.

నువ్వు హోమ్‌లో నుంచి మొదలుపెట్టమన్నావు. నేను ఇల్లనుకున్నాను. మా మ్యాచింగ్ సెంటర్ దుకాణం పై గదిలో ఉన్న కంప్యూటర్‌ని విప్పి, దుప్పట్లో చుట్టి, మౌలాలీ ఆటోలో బరంపేట ఇంటికి తీసుకెళ్ళాను. మౌలాలీ, "ఏందక్కా, కంప్యూటర్‌కి జొరమొచ్చిందా? ఆసుపత్రికా?" అన్నాడు. ఇంట్లో పెట్టి తెరిచాక ఒక బొమ్మ కింద 'హోమ్' అని రాసి ఉంది. అప్పుడర్థమైంది. మీ అల్లుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. దుకాణానికి జాకెట్ ముక్కల కోసం వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నాడు. రేపు మళ్ళీ అదే ఆటోలో వెనక్కి తీసుకెళ్ళాలి.

ఇంక పాఠం. మొదటి రెండూ చక్కగా అయ్యాయి. మూడోదానికి Cannot open: No such file or directory అని వచ్చింది. ఉన్న ఫైలుని లేదంటుందేమిటని మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అదే మాట. మీ అల్లుడు వెనక నిలబడి, "ఏమే, చివర ఆ చుక్కేంది? పేరులోదా, మీ బాబాయి వాక్యం అయిపోయిందని పెట్టాడా?" అన్నాడు. చుక్క తీసేశాను. ఈసారి కాసేపు ఆలోచించి gzip: stdin: unexpected end of file అంది.

నడుస్తూ నడుస్తూ కాలువ అడ్డం వచ్చినట్టు ఆగిపోయింది. కంప్యూటర్ ఆటోలో కుదుపులకి చెడిపోయిందా?

సుల్తానా రోజూ వస్తోంది. నిన్న నల్ల తెర చూసి, "ఏంది వనజా, తీగ కుడతానంటివి, కోర్టు కాయితం కొడతన్నావే" అంది. నవ్వుతూనే అంది కానీ, గలీబుని తిరిగి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఇక్కడే ఉంచమంటే, "పని మొదలైనంక తెస్తాలే" అంది. నమ్మకం సడలుతోంది బాబాయ్.

నీ
వనజ


మాచర్ల,
23 ఆగస్టు 2024.

చిరంజీవి వనజకి,

చుక్క తప్పు నాదే. వాక్యం చివర చుక్క పెట్టకపోతే మా తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టేవారు, ఆ అలవాటు. అల్లుడు వేణుమాధవ్‌కి నా తరఫున పదికి పది వెయ్యి. కంప్యూటర్‌ని ఆటో ఎక్కించినందుకు నీకేమీ తగ్గించడం లేదు. హోమ్ అంటే లైనక్స్‌లో నీ పేరున ఉన్న గది అని ముందే రాయవలసింది.

ఇకనుంచి ఒక నియమం. ఎర్ర సిరాతో రాసిందే టైపు చెయ్యి. నల్ల సిరాతో రాసింది చదివి వదిలెయ్యి. ఖాళీ ఉండవలసిన చోట అడుగున చిన్న నల్ల గీత గీసి ఇస్తాను, దాన్ని టైపు చెయ్యకు. ఎర్ర సిరా కోసం నా పాత పెన్ను వెతికాను. సిరా ఎండిపోయి ఉంది, వేడినీళ్ళలో నానబెడితే లేచింది.

నీ కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. ఆ మాటకి అర్థం, మూట సగమే వచ్చిందని. దించుకునేటప్పుడు మధ్యలో నెట్టు తెగి ఉంటుంది. కింది ఆదేశం కొడితే ఫైలు ఎంత ఉందో చూపిస్తుంది.

ls -lh

అల్లిక వాళ్ళ పేజీలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. రెండూ కలవకపోతే సగం మూటని ఇలా తీసెయ్యి.

rm allika-2.1.tar.gz

rm దగ్గర మాత్రం చేతిని అదుపులో పెట్టుకో. అది చెత్తబుట్టలో వెయ్యదు, ఏకంగా తుడిచేస్తుంది. తరవాత మళ్ళీ దించుకుని, పాత పద్ధతిలోనే విప్పు. ఏ మాటా రాకుండా కర్సర్ తిరిగి వచ్చి నిలబడితే పని అయినట్టే. లైనక్స్ పని అయితే చెప్పదు, కాకపోతేనే చెప్తుంది. ఆ తరవాత ఇవి.

cd allika-2.1
./install.sh

మొదట్లో చుక్క, ఏటవాలు గీత రెండూ కావాలి. 'ఇక్కడున్నదాన్నే నడుపు' అని దానర్థం. కానీ అంతకన్నా ముందు అక్కడ README అనే ఫైలు ఉంటుంది. పేరులోనే ఉంది, చదవమని. చదువు.

ఈ మధ్య పొద్దున్నే లేచి పోస్టు వచ్చే వేళకి వరండాలో కూర్చుంటున్నానని మీ పిన్ని అంటోంది. అబద్ధం. ఎండ కోసం కూర్చుంటున్నాను.

ఆశీర్వదిస్తూ,
పాండురంగారావు


నరసరావుపేట,
27 ఆగస్టు 2024.

బాబాయ్, మూట విడిపోయింది!

నిన్న కృష్ణాష్టమి. వీధిలో ఉట్టి కొడుతున్నారు, ఇక్కడ నేను ఎంటర్ కొట్టాను. నూట నలభై ఎనిమిది ఎంబీ ఉండవలసింది నా దగ్గర అరవై ఒకటే ఉందని ముందే చూసుకున్నాను. తుడిచేసి, సిగ్నల్ కోసం డాబా మీదకి ఫోన్ తీసుకెళ్ళి మొత్తం దించాను. విప్పమన్నాను. నాలుగు సెకన్లు. ఏ మాటా లేదు. అయిందో లేదోనని ls కొడితే, నీలం రంగులో allika-2.1 అని కొత్త గది! "అయింది, అయింది" అని అరిస్తే కింద దుకాణంలో బేరం మధ్యలో వదిలేసి మీ అల్లుడు పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందనుకుని.

అంతా బాగుందనుకుని ./install.sh కొట్టాను. Permission denied. నా కంప్యూటర్, నా కరెంటు, నా కుర్చీ, నాకే అనుమతి లేదట! పదిసార్లు కొట్టాను. పదిసార్లూ అదే. README చదవలేదు. నాలుగు పేజీల ఇంగ్లీషు బాబాయ్, ఇంటర్ తెలుగు మీడియం దాన్ని, ఎక్కడ చదవను?

ఇంకా ఇరవై ఆరు రోజులే ఉన్నాయి. ఉత్తరం పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. నువ్వు ఒక్క మాట నోటితో చెప్పగలిగితే ఇది అయిదు నిమిషాల పని. తొందరగా రాయి.

వనజ


నరసరావుపేట,
5 సెప్టెంబరు 2024.

బాబాయికి,

తొమ్మిది రోజులయింది, నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. వానలకి పోస్టు ఆలస్యమైందనుకున్నాను. నిన్న పిన్నికి ఫోన్ చేశాను. "నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడే. అప్పటినుంచి పొద్దున పూట తలుపేసుకుని గదిలో కూర్చుంటన్నాడు. ఏంది రాశావు?" అంది.

ఏం రాశానో అప్పుడు గుర్తుకొచ్చింది. చేతిలో ఫోన్ ఉండగానే ఏడ్చాను. నేను తొందరలో ఉన్నాను బాబాయ్, నా తొందర తప్ప నాకేమీ కనపడలేదు. నీ గొంతు పోయినందుకు నీకెంత బాధో ఆలోచించకుండా నా దుపట్టా కోసం రాసేశాను. నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా ఫరవాలేదు. ఆ మాటని మాత్రం మనసులో ఉంచుకోకు.

ఇవాళ ఉపాధ్యాయ దినోత్సవం. గురువుగారికి ఏమివ్వాలో తెలియక, చెప్పినా వినని పని చేశాను. README చదివాను. మా అక్షయ టెన్త్‌లో వాడిన డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను. మీ మనవరాలు హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నేనే చదివిపెట్టేదాన్ని కదా" అంది. వద్దన్నాను. రెండో పేజీలో ఉంది, Permission denied వస్తే ఏం చెయ్యాలో. ఫైలుకి నడిచే హక్కు మనమే ఇవ్వాలట. నేనూ ఎర్ర పెన్ను కొనుక్కున్నాను, చూడు.

chmod +x install.sh

ఇచ్చాను. ఇప్పుడు నడిచింది! కానీ అడ్మిన్‌గా నడపాలని చెప్పి ఆగిపోయింది. అదీ README లోనే ఉంది, ముందు sudo అని చేర్చాలని. చేరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఇక్కడే వచ్చింది తంటా. కీబోర్డు చచ్చిపోయింది. ఎంత నొక్కినా ఒక్క అక్షరం పడడం లేదు, చుక్క కూడా పడడం లేదు. కొత్త కీబోర్డు కొన్నాను. అదీ అంతే. దుకాణంవాడితో పోట్లాడి మూడోది తెచ్చాను. అదీ అంతే. మిగతాచోట్ల మూడూ బాగానే పనిచేస్తున్నాయి. పాస్‌వర్డ్ దగ్గరే మొరాయిస్తున్నాయి.

నువ్వు రాయకపోతే ఇదీ నేనే తెలుసుకుంటాను. కానీ రాయి బాబాయ్.

నీ
వనజ


మాచర్ల,
8 సెప్టెంబరు 2024.

చిరంజీవి వనజకి,

ముందు కీబోర్డుల సంగతి, లేకపోతే నువ్వు నాలుగోది కొనేలా ఉన్నావు. మూడింటికీ ఏమీ కాలేదు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు లైనక్స్ తెర మీద ఏమీ చూపించదు. వెనక నిలబడ్డవాళ్ళకి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని. కనపడకపోయినా అది వింటూనే ఉంటుంది. గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కు. నీ ఉత్తరంలో ఈ భాగం చదివి ఎంత నవ్వానంటే, వినాయకుడి పత్రి సర్దుతున్న మీ పిన్ని వచ్చి నా వీపు నిమిరింది. నా నవ్వుకి చప్పుడు ఉండదు కదా, పొలమారిందనుకుంది.

ఇప్పుడు రెండో సంగతి. దాచను. నీ మాట చదివి కోపం వచ్చింది. ఒక పూట అన్నం సరిగా తినలేదు. సాయంత్రానికి కోపం పోయి, నిజమే కదా అనిపించింది. ఆపరేషన్ అయినప్పుడు గుంటూరు డాక్టరు ఒక చిన్న మిషను ఇచ్చాడు, టార్చి లైటంత ఉంటుంది. మెడకి ఆనించి మీట నొక్కి పెదవులు కదిపితే మాట వస్తుంది. వస్తుంది కానీ అది నా గొంతు కాదు. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పే గొంతు. ఒక్కసారి విని బీరువాలో పెట్టేశాను. రెండేళ్ళు దాన్ని చూడలేదు. నా గొంతు పోయింది, దాని బదులు ఇంకోటి నాకెందుకని మొండికేశాను. మనుషుల్లోకి పోవడం కూడా మానేశాను.

తలుపు వేసుకుని కూర్చున్నది నీ మీద అలిగి కాదమ్మా. అభ్యాసం చేస్తున్నాను. వత్తులు పలకడం చాలా కష్టం. నీ పాఠమే చేతిలో ఉంది కాబట్టి దాన్నే పలికాను. సీడీ. ఎల్లెస్. టార్. నాలుగో రోజున 'టార్' స్పష్టంగా వచ్చింది. వంటింట్లోంచి మీ పిన్ని, "ఎవరొచ్చారండీ? కూర్చోమనండి, కాఫీ పెడతన్నా" అని కేకేసింది. తలుపు తెరిచి, నేనే, అన్నాను. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత రెండు కాఫీలు తెచ్చింది, ఒకటి వచ్చినాయనకి, ఒకటి నాకు. రెండూ నేనే తాగాను.

README నువ్వే చదివావు. chmod నువ్వే కనుక్కున్నావు. నేను చెప్పి ఉంటే అయిదు నిమిషాల్లో అయ్యేది, నీకు వచ్చేది కాదు. అందుకని ఆ మాట గురించి ఇంక ఎప్పుడూ రాయకు.

ఆశీర్వదిస్తూ,
పాండురంగారావు


నరసరావుపేట,
16 సెప్టెంబరు 2024.

బాబాయికి, పిన్నికి, ఇంటికొచ్చిన ఆ రైల్వే స్టేషన్ ఆయనకి కూడా నమస్కారాలు.

గుడ్డిగా కొట్టాను. ఒకసారి తప్పు పడింది, రెండోసారి వరసలు కట్టి మాటలు పరిగెత్తాయి. చివర 'Allika installed' అని వచ్చి ఆగింది. మెనూలో సూదీదారం బొమ్మ. నొక్కితే తెల్లటి పేజీ తెరుచుకుంది. ఈసారి అరవలేదు. నీ ఉత్తరాలన్నీ గోడ మీద ఉన్నాయి, వాటికేసి చూస్తూ కాసేపు కూర్చున్నాను.

ఆ సాయంత్రమే సుల్తానా గలీబు తెచ్చింది. ఫోటో తీసి, తీగ మీద తీగ గీసుకుంటూ రెండు రోజులు పని చేశాను. ప్రోగ్రాం చాలా తెలివైంది, ఒక ఆకు గీస్తే మిగతావి తనే నింపుతుంది. నింపి, వెనక్కి తిరిగిన ఆకుని కూడా సరిదిద్దేసింది! మళ్ళీ దాన్నొక్కదాన్నీ విడదీసి నేను వెనక్కి తిప్పాను. ముందు ఒక పాత జాకెట్ ముక్క మీద కుట్టి చూశాం. మిషను ఆ ఆకు దగ్గరికి వచ్చేసరికి నేనూ సుల్తానా ఇద్దరం వంగి చూస్తున్నాం, తలలు కొట్టుకున్నాం. సూది వెనక్కి తిరిగింది. సుల్తానా ఆ ఆకుని వేలితో తడిమి చూసింది. తరవాత, "మా అమ్మకి మిషన్ కుట్టంటే పడదు. ఇది చూస్తే ఏమనేదో" అని నవ్వి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నిన్నటితో దుపట్టా నాలుగంచులూ పూర్తయ్యాయి.

ఇంకో సంగతి. శావల్యాపురంలో దుర్గ అని ఎంబ్రాయిడరీ మిషనున్న అమ్మాయి ఉంది. దారం కోసం మా దుకాణానికి వచ్చి గోడ మీద నీ ఉత్తరాలు చదివింది. "అక్కా, ఇది నాగ్గూడ కావాల. మా కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రాం, నెలకోసారి ఆగిపోతది" అంది. ఇలాంటివాళ్ళు ఇప్పటికి ఆరుగురు తేలారు. 29వ తేదీ ఆదివారం దుకాణం పై గదిలో కూర్చుందామనుకుంటున్నాం. పాఠం చెప్పేవాళ్ళు కావాలి.

నీ
వనజ


మాచర్ల,
19 సెప్టెంబరు 2024.

చిరంజీవి వనజకి,

నీ ఉత్తరం చదివిన ఆనందంలో మీ పిన్ని వీధిలో ఆరిళ్ళకి చలిమిడి పంచింది. ఎందుకని అడిగితే, లైనక్స్ ఎక్కిందని చెప్పిందట. వాళ్ళు ఏమనుకుని తిన్నారో తెలియదు.

ఆదివారం క్లాసుకి కావలసిన పాఠం ఎనిమిది పేజీలు రాసి దీంతో జత చేశాను. ఎర్రా నల్లా జాగ్రత్తగా వేశాను. నువ్వు చదివి వినిపించు, నీ గొంతు బాగుంటుంది. ఆ మిషనుతో నేను మీ పిన్నితో మాట్లాడగలను, గోడలతో మాట్లాడగలను. ఆరుగురు తెలియని ఆడపిల్లల ముందు అది మెడకి ఆనించుకునే ధైర్యం నాకు లేదు. వాళ్ళు నవ్వితే తప్పు వాళ్ళది కాదు, నాకే మొదట నవ్వొచ్చింది.

ఫరాకి మా ఇద్దరి దీవెనలు చెప్పు.

పాండురంగారావు


నరసరావుపేట,
23 సెప్టెంబరు 2024.

బాబాయికి,

నిన్న నిఖా బాగా జరిగింది. ఫరా దుపట్టా కప్పుకుని వచ్చి కూర్చోగానే వాళ్ళ బంధువుల్లో ఒక ముసలావిడ అంచు పట్టుకుని, "ఇది మా అక్క తీగ గదా! ఎవురు కుట్టారు?" అని గట్టిగా అడిగింది. సుల్తానా నన్ను చూపించింది. నేను, నాకు మా బాబాయి నేర్పాడని చెప్పాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఏడి ఆయన?" అంది.



నీ ఎనిమిది పేజీలూ అందాయి. బాగున్నాయి. నేను చదవను. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే కాగితం ఏం చెప్తుంది? నేను కీబోర్డులు మూడు కొన్నాను, వాళ్ళు ఆరుగురు ఉన్నారు, లెక్క వేసుకో. దుర్గకి నీ మిషను సంగతి ముందే చెప్పాను. "దానికేందక్కా, మా మామకి చెవిలో మిషనుంది, మా అత్తకి గుండెలో మిషనుంది. మా ఇంట్లో ఒంటికి మిషను లేంది నాకే" అంది.

ఆదివారం పొద్దున పది గంటలకి. బల్ల దగ్గర నీ కుర్చీ వేసి ఉంచుతాను. రాకపోతే ఖాళీ కుర్చీకే పాఠం అప్పజెప్తాం.

నీ
వనజ


మాచర్ల,
30 సెప్టెంబరు 2024.

చిరంజీవి వనజకి, దుర్గకి, మిగతా అయిదుగురికీ ఆశీస్సులు.

రాత్రి ఇంటికి క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన గారెలు దారిలోనే అయిపోయాయి.

క్లాసులో ఏం జరిగిందో నీకు తెలుసు, నువ్వు అక్కడే ఉన్నావు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "సార్, ఇంకొంచెం గట్టిగా, ఫ్యాన్ చప్పుడికి వినపడట్లా" అన్నప్పుడు నేను మిషను శబ్దం పెంచే మీట కోసం తడుముకోవడం చూసి నువ్వు లేవబోయావు. లేవకుండా ఆగినందుకు చాలా సంతోషించాను. ఆ మీట ఎక్కడుందో నాకు నిన్ననే తెలిసింది. వచ్చే నెల రెండో ఆదివారానికి అందరూ వాళ్ళ వాళ్ళ మూటలు విప్పి తీసుకురావాలి. విప్పలేనివాళ్ళు తెర మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకురావాలి.

నీకు తెలియనిది ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. నిన్న పొద్దున మాచర్లలో బస్సెక్కేటప్పుడు నేను 'నరసరావుపేట, ఒకటి' అని చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను. రెండేళ్ళ తరవాత ఒంటరిగా బయల్దేరడం. మీ పిన్ని వస్తానంటే నేనే వద్దన్నాను. బస్సు నిండా జనం. కండక్టరు నా దగ్గరికి వచ్చేసరికి చీటీ చూపించాను. అతను రెండు చేతులా టికెట్ల మిషనూ, డబ్బులూ పట్టుకుని, "కళ్ళజోడు మర్చిపోయొచ్చా పెద్దాయనా, నోటితో చెప్పు" అన్నాడు. వెనక పదిమంది ఎదురుచూస్తున్నారు.

సంచిలోంచి మిషను తీశాను. మెడకి ఆనించి, నరసరావుపేట, ఒకటి, అన్నాను. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. కిటికీ దగ్గర పెద్దావిడ నోరు తెరుచుకుని చూసింది.

కండక్టరు టికెట్ల మిషను మీద ఏదో నొక్కుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. "సీనియర్ సిటిజనా? ఆధార్ ఉందా?"

ఉంది, అన్నాను.

"చిల్లర?"

అదీ ఉంది, అన్నాను.

ఆశీర్వదిస్తూ,
మీ బాబాయి